ఆడిటర్ గారు ఎవరి మనిషి?

మన ఊళ్లలో రైసు మిల్లుకో, జిన్నింగు ఫ్యాక్టరీకో, మూడు తరాల బట్టల కొట్టుకో ఒక ఆడిటర్ గారుంటారు. ఆయన ఆ సంస్థను నిజంగా ఆడిట్ చేస్తూ ఉండొచ్చు, పన్ను రిటర్నులు వేసి ఊరుకుంటూ ఉండొచ్చు. పిలుపు మాత్రం ఆడిటర్ గారనే. మిల్లు బ్యాలెన్స్ షీటు, పెద్దబ్బాయి ఇంటి లోను, చిన్న కోడలి పేరున కొన్న స్థలం, డాలస్‌లో ఉన్న మూడోవాడి ఎన్నారై రిటర్ను, పెద్దాయన హెచ్‌యూఎఫ్ (ఉమ్మడి కుటుంబం) ఫైలు, అన్నీ ఆయన ఆఫీసులో ఒకే బీరువాలో, ఒకే ఇంటిపేరు రాసిన ఫైళ్లలో ఉంటాయి. అందరి డిజిటల్ సంతకాల టోకెన్లూ ఒకే డబ్బాలో ఉంటాయి. పెద్దాయన బతికున్నంత కాలం ఆ డబ్బా గురించి ఎవరూ ఆలోచించరు.

పెద్దాయన పోయాక, సంవత్సరీకం కూడా కాకముందే, ఆ ఆఫీసుకి రెండు ఫోన్లు వస్తాయి. పెద్దబ్బాయి అంటాడు: "తమ్ముడొచ్చి అడిగితే ఏమీ చూపించకండి." చిన్నబ్బాయి అంటాడు: "అన్నయ్యకి తెలియకుండా ఐదేళ్ల లెడ్జర్లు పంపండి." ఇద్దరూ "మీరు నాన్నగారి కాలం నుంచి ఉన్నవారు" అనే మొదలుపెడతారు. ఇద్దరూ చెప్పేది నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

ఇలాంటప్పుడు మామూలుగా జరిగేది అందరికీ తెలుసు. ఇద్దరికీ "చూద్దాం బాబూ" అని చెప్పి, ఫీజు ఇచ్చేవాడి వైపు మెల్లగా జరగడం. కానీ ఫోను చేసింది ఎవరన్నది చట్టానికి అక్కర్లేదు. ఆ కాగితం ఆయన దగ్గరికి ఎవరి తరఫున వచ్చింది, ఏ పని కోసం వచ్చింది అన్నదే దానికి కావాలి. ముప్ఫై ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరూ వేయని ప్రశ్న అది.

ముందు అసలు బాధ్యత ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2011లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. దిద్దిన తన జవాబు పత్రం తనకి చూపించమని ఒక విద్యార్థి అడిగాడు, చూపించేది లేదని సీబీఎస్ఈ అంది. లెక్కల పుస్తకాలకీ దానికీ సంబంధం లేదు. అయినా ఆ తీర్పులో కోర్టు ఒక జాబితా రాసింది: మైనరుకి సంరక్షకుడు, రోగికి వైద్యుడు, భాగస్వామికి భాగస్వామి, వాటాదారుకి డైరెక్టరు, క్లయింటుకి లాయరు లేదా చార్టర్డ్ అకౌంటెంటు. వీళ్లంతా నమ్మకం మీద పనిచేసేవాళ్లు. ఎదుటివాడి మేలుకే పనిచేయాలి, దాపరికం ఉండకూడదు, ఆ స్థానాన్ని వాడుకుని సొంత లాభం చూసుకోకూడదు. చూసుకుంటే ఏమవుతుందో 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం 88వ సెక్షను ఏనాడో చెప్పింది. నమ్మకపు స్థానంలో ఉన్నవాడు దాని వల్ల సంపాదించినది తనది కాదు, నమ్మినవాడి కోసం తన దగ్గర ఉన్న సొమ్ముగా లెక్క.

అయితే "క్లయింటు మేలు" అన్న మాటని పెద్దబ్బాయి తన మేలు అని అర్థం చేసుకుంటాడు. ఇంకో మెలిక కూడా ఉంది. పన్ను సలహాదారుగా ఉన్నప్పుడు ఆయన క్లయింటు పక్షాన మాట్లాడవచ్చు. ఆడిటరుగా సంతకం పెట్టేటప్పుడు ఎవరి పక్షమూ లేదు. యజమాని మంచి కోరి రిపోర్టు మెత్తగా రాసిన ఆడిటర్ తన పని చేయనట్టే. కంపెనీల చట్టం 2013 ఈ రెండింటి మధ్యా గోడ కట్టింది. స్టాట్యుటరీ ఆడిటరు అదే కంపెనీకి పద్దులు రాయకూడదని 144వ సెక్షను చెబుతుంది. మరి పద్దులు ఎవరు రాస్తున్నారని అడిగితే, పక్క గదిలో కూర్చునే కుర్రాడు.

ఇప్పుడు ఆ తమ్ముడి ఫోనుకి జవాబు వెతుకుదాం. అదే తమ్ముడు, అదే మిల్లు, అవే పుస్తకాలు. వ్యాపారం ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి జవాబు మూడు రకాలు.

మిల్లు పార్టనర్‌షిప్ ఫర్మ్ అయి, తమ్ముడు అందులో భాగస్వామి అయితే, జవాబు సులువు. 1932 భాగస్వామ్య చట్టం 12వ సెక్షను ప్రకారం ఫర్మ్ పుస్తకాలు ఏవైనా సరే చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు ప్రతి భాగస్వామికీ ఉన్నాయి. భాగస్వామ్య డీడ్‌లో వేరుగా రాసుకుంటే తప్ప, స్లీపింగ్ పార్టనరైనా, డాలస్‌లో ఉన్నా అంతే. ఒకరికొకరు సరైన లెక్క చెప్పాలని, పూర్తి సమాచారం ఇవ్వాలని 9వ సెక్షను అంటుంది. కాబట్టి అన్నయ్య "చూపించకండి" అన్నది ఆడిటర్ గారు పాటించాల్సిన ఆదేశం కాదు. క్లయింటు ఫర్మ్. ఫర్మ్ అంటే భాగస్వాములందరూ. ఒక క్లయింటు రహస్యాన్ని అదే క్లయింటు దగ్గర దాచడం కుదరదు. తమ్ముడికి లెడ్జరు చదవడం రాకపోతే తన తరఫున చదవగలిగినవాణ్ణి పంపుకోవచ్చని 1901లోనే ఒక ఇంగ్లిష్ కోర్టు తేల్చింది, ఆ వచ్చినవాడు చూసిన విషయాన్ని ఇతర పనులకి వాడకూడదన్న షరతుతో.

కానీ "అన్నయ్యకి తెలియకుండా పంపండి" అన్నది కూడా అంతే కుదరదు. తమ్ముడి హక్కు దొంగచాటు హక్కు కాదు. మంచి ఆడిటర్ చేసే పని చిన్నది: "మీ సోదరుడు ఫర్మ్ పుస్తకాలు చూస్తానని అడిగారు, ఫలానా రోజు చూపిస్తున్నాను, మీరూ రావచ్చు" అని అందరు భాగస్వాములకీ ఒకే ఉత్తరం, ఒకే రోజున. ఈ ఉత్తరం ఇద్దరికీ నచ్చదు.

పుస్తకాలు ఫర్మ్‌వే గానీ, ఆడిట్ చేసేటప్పుడు ఆయన రాసుకున్న వర్కింగ్ పేపర్లు ఆయనవి. చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ఆడిటింగ్ ప్రమాణాల్లోనే ఆ మాట ఉంది. బీరువాలో ఉన్నదంతా ఎవరో ఒకరి సొత్తు కాదు, అరలు వేరు. అన్నయ్య సొంత రిటర్ను ఆ అరల్లో ఒకటి. ఆ రిటర్నులో ఒక స్థలం కనిపిస్తోంది, ఆ డబ్బు మిల్లు నుంచే వెళ్లిందని తమ్ముడి అనుమానం. 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం క్లయింటు అనుమతి లేకుండా, చట్టం అడగకుండా, వృత్తిలో తెలిసిన సమాచారం బయటపెట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కాబట్టి ఆ రిటర్ను తమ్ముడికి చూపించకూడదు. అదే డబ్బు ఫర్మ్ పుస్తకాల్లో "వడ్ల కొనుగోలు" అని ఖర్చు రాసి బయటికి వెళ్లిందనుకోండి, అది ఫర్మ్ విషయం, భాగస్వాములందరికీ చెప్పాల్సిందే. ఒకే లావాదేవీకి ఒక కొస చూపించాలి, రెండో కొస మూసిపెట్టాలి. ఇది సులువైన పని అని ఏ నీతి నియమావళీ అనలేదు. ఇద్దరి పనీ ఒకరే చేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. గొడవ మొదలైన రోజున ఇద్దరిలో ఎవరి సొంత రిటర్నులు వదులుకోవాలో, లేదా ఇద్దరివీ వదులుకోవాలో నిర్ణయించుకోవడమే దీనికి మందు. రెండు ఫీజులు పోతాయి కాబట్టి ఈ మందు ఎక్కువగా అమ్ముడుపోదు.

కోర్టు అడిగితే మాత్రం కథ వేరు. లాయరుకి సాక్ష్య చట్టం ఇచ్చే రక్షణ చార్టర్డ్ అకౌంటెంటుకి లేదు. సమన్లు వస్తే "క్లయింటు రహస్యం" అని కాగితాలు వెనకేసుకోలేడు. తమ్ముడి లాయర్లు ముందు ఆడిటర్‌ని సాక్షిగా పిలవాలనుకునేది అందుకే. కలహం ముదిరే దాకా ఆగకుండా పక్షం ఎంచుకున్న ఆడిటరుకి బోనులో నిలబడిన పూట ఆ సంగతి బోధపడుతుంది.

రెండో రూపం కంపెనీ. మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ అయితే, క్లయింటు కంపెనీ అనే విడి మనిషి. తమ్ముడు డైరెక్టర్ అయితే కంపెనీల చట్టం 128వ సెక్షను కింద పని వేళల్లో పద్దుల పుస్తకాలు చూడొచ్చు. వట్టి వాటాదారు అయితే, ముప్ఫై శాతం వాటా ఉన్నా సరే, లెడ్జర్లు చూసే హక్కు లేదు. సర్వసభ్య సమావేశానికి ముందు ఆర్థిక నివేదికల నకళ్లు వస్తాయి, అంతే. తండ్రి మిల్లులో పుట్టి పెరిగినవాడికి ఇది అన్యాయంగా తోస్తుంది. అతనికి తలుపు వేరే చోట ఉంది. పది శాతం వాటా ఉంటే 241వ సెక్షను కింద అణచివేత, దుర్వినియోగం ఆరోపణలతో హైదరాబాదులోనో అమరావతిలోనో ఉన్న కంపెనీ లా ట్రిబ్యునల్ బెంచికి వెళ్లొచ్చు. ఆ తలుపు తమ్ముడి కోసం ఆడిటర్ గారు తెరవనక్కర్లేదు. ఆయన పని కంపెనీకి నిజమైన రిపోర్టు రాయడం. ఆ రిపోర్టు చదివేది వాటాదారులందరూ, తమ్ముడితో సహా.

కంపెనీ ఆడిటరుకి ఒక అదనపు బరువుంది. అధికారులో ఉద్యోగులో కంపెనీకి చేసిన మోసం కోటి రూపాయలు గానీ అంతకు మించి గానీ ఉందని నమ్మడానికి కారణం కనిపిస్తే, 143వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలి. దానికో వరుస ఉంది. తెలిసిన రెండు రోజుల్లో బోర్డుకి గానీ ఆడిట్ కమిటీకి గానీ రాయాలి, వాళ్ల జవాబుకి నలభై ఐదు రోజులు ఇవ్వాలి, తర్వాత పదిహేను రోజుల్లో పైకి పంపాలి. పెద్ద కంపెనీల్లో ఇది బాగానే నడుస్తుంది. కుటుంబ కంపెనీలో బోర్డు అంటే అన్నయ్య, వదిన. డబ్బు ఏమైందని అన్నయ్యని అడిగి, ఏమీ కాలేదని అన్నయ్యా వదినా తీర్మానం చేసి పంపగా, దాన్ని జతచేసి ఢిల్లీకి పంపాలి. పిచ్చిగా కనిపించినా ఇందులో ఒక లాభం ఉంది, అన్నయ్య జవాబు సంతకంతో సహా కాగితం మీదికి వస్తుంది.

బంధుత్వం గురించి కూడా ఇక్కడే ఒక మాట. బంధువు డైరెక్టరుగా ఉంటే ఆ కంపెనీకి ఆడిటర్ కాకూడదని చట్టం. బంధువు అంటే ఎవరో నియమాల్లో రాశారు: భార్యాభర్తలు, హెచ్‌యూఎఫ్ సభ్యులు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, తోబుట్టువులు. బావమరిది లేడు. వియ్యంకుడు లేడు. ఈ జాబితా రాసినవాళ్లకి మన వైపు పెళ్లి పీటల దగ్గర ఎవరు ఎవరి మాట వింటారో చెప్పేవాళ్లు లేకపోయారు. అక్షరం ప్రకారం బావమరిది సంతకం చెల్లవచ్చు, కానీ ఆడిటరు స్వతంత్రంగా ఉండటమే కాదు, స్వతంత్రంగా కనిపించాలి కూడా అని వృత్తి నీతి నియమావళి అంటుంది. గొడవ వచ్చాక ఎవరికీ అలా కనిపించడు.

మూడో రూపం ఉమ్మడి కుటుంబం, పన్ను భాషలో హెచ్‌యూఎఫ్. ఇక్కడ కుటుంబ వ్యవహారాలు నడిపే కర్త చేతిలో చాలా ఉంది. పంపకం అడిగిన వారసుడికి ఆ రోజున ఉన్న ఆస్తి మీదే లెక్క దక్కుతుంది. మోసం, స్వాహా ఉంటే తప్ప ఇరవై ఏళ్ల కిందటి ఖర్చులు తవ్వి తీయమని అడగలేరు. ఈ మాట అన్నయ్యకి తీపి, వాటా అడిగే చెల్లెలికి చేదు. ఆడిటర్ గారు ఇద్దరికీ ఒకటే మాట చెప్పాలి. చెల్లెలు కూడా అడగొచ్చా అని కొందరికి ఇప్పటికీ సందేహం. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు వచ్చింది. 2005లో కేంద్ర చట్టం ఆ పెళ్లి షరతు తీసేసింది. 2020లో వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. చాలా ఆఫీసుల్లో హెచ్‌యూఎఫ్ ఫైలు మొదటి పేజీలో సభ్యుల జాబితా మాత్రం కొడుకుల పేర్లతోనే ఆగిపోయి ఉంటుంది. ఎవరూ దిద్దమనలేదని దిద్దలేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఎవరికి చూపించాలన్న సంగతి. అసలు డబ్బు ఉన్నది ఇంకో చోట, విడిపోయేటప్పుడు వేసే లెక్కలో.

అద్దంకి నారాయణప్ప, భాస్కర కృష్ణప్ప కేసు లా కాలేజీల్లో దేశమంతటా చదువుతారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లి 1966లో సుప్రీంకోర్టులో తేలింది. రెండు ఉమ్మడి కుటుంబాలు, చెరి సగం వాటా, వడ్లు దంచడం, వేరుశనక్కాయలు ఒలిపించడం వ్యాపారం. పెట్టుబడిలో భూములు కూడా ఉన్నాయి. విడిపోతూ కరారు రాసుకున్నారు, రిజిస్టరు చేయించలేదు. భూమి ఉంది కదా, రిజిస్ట్రేషన్ లేకుండా చెల్లుతుందా అన్నది ప్రశ్న. చెల్లుతుందని కోర్టు అంది. ఎందుకంటే ఫర్మ్‌లో పెట్టిన భూమి ఇక ఏ ఒక్క భాగస్వామిదీ కాదు. వ్యాపారం ఆగినప్పుడు అప్పులు తీర్చి, లెక్క తేల్చాక మిగిలే డబ్బులో వాటాయే అతనిది. అది చరాస్తి.

లాయర్లు ఇందులో రిజిస్ట్రేషన్ సంగతి చూస్తారు. లెక్కలు రాసేవాడు చూడాల్సింది వేరు. భాగస్వామికి దక్కేది భూమి కాదు, లెక్క తేలాక వచ్చే అంకె. ఆ అంకె రాసేది ఆయనే.

ఒక ఊహ చేద్దాం. ముగ్గురన్నదమ్ములు, సమాన వాటాలు. మిల్లు స్థలం 1988లో 4 లక్షలకి కొన్నారు, పుస్తకాల్లో ఇప్పటికీ 4 లక్షలే ఉంది. ఊరు పెరిగి దాని బజారు ధర 6 కోట్లయింది. చిన్న తమ్ముడు విడిపోతానన్నాడు. అతని క్యాపిటల్ ఖాతాలో 38 లక్షలు కనిపిస్తున్నాయి. పెద్దన్న "ఆడిటర్ గారు కట్టిన లెక్క" అని ఒక కాగితం ఇస్తాడు, కింద 38 లక్షలు. అంకె తప్పు కాదు, కూడికలు సరిపోయాయి. కానీ స్థలంలోనే అతని వాటా దాదాపు 2 కోట్లు, అది ఆ కాగితంలో లేదు. స్థలం ఏ ధరకి కట్టాలన్నది ఆడిటర్ గారు నిర్ణయించే విషయం కాదు. డీడ్‌లో ఏముందో, అన్నదమ్ములు ఏం ఒప్పుకుంటారో, కుదరకపోతే కోర్టు ఏమంటుందో దాన్ని బట్టి ఉంటుంది. ఆయన బాధ్యత ఒక్క వాక్యం: "ఈ లెక్కలో స్థలం పుస్తక విలువకి తీసుకున్నాం, బజారు ధరకి కాదు." ఆ వాక్యం రాయకుండా సంతకం పెడితే, తెలిసిన ముఖ్యమైన విషయం దాచినందుకు చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలులో విడిగా ఒక క్లాజు ఉంది. కుటుంబ తగాదాల్లో లెక్కలవాడు చేసే అన్యాయం ఎక్కువసార్లు దొంగ అంకె కాదు, రాయకుండా వదిలేసిన వాక్యం.

పన్ను కూడా రెండు వైపులా చెప్పాలి. 2021 ఫైనాన్స్ చట్టం తర్వాత, విడిపోయే భాగస్వామికి స్థలమో, క్యాపిటల్ ఖాతాని మించిన డబ్బో ఇస్తే, ఆ లాభం మీద పన్ను ఫర్మ్ నెత్తినే పడుతుంది. అంటే మిగిలినవాళ్లు కడతారు. తమ్ముడికి 2 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకున్న అన్నలకి ఈ సంగతి సంతకాలయ్యాక చెప్పడం కూడా ద్రోహమే.

ఇంతకంటే చిక్కైనది చనిపోయిన భాగస్వామి భార్య సంగతి. డీడ్‌లో వేరే ఏర్పాటు లేకపోతే భాగస్వామి చావుతో ఫర్మ్ రద్దవుతుంది. ఆచరణలో ఏ మిల్లూ ఆగదు. పదకొండో రోజు భోజనాలయ్యాక మిల్లు తిరుగుతూనే ఉంటుంది, ఆయన వాటా కూడా అందులోనే తిరుగుతూ ఉంటుంది. దీనికి భాగస్వామ్య చట్టంలో 37వ సెక్షను ఉంది. లెక్క తేల్చకుండా మిగిలినవాళ్లు అదే ఆస్తితో వ్యాపారం చేస్తే, వారసులు రెండింటిలో ఒకటి కోరుకోవచ్చు: ఆ వాటాని వాడుకున్నందువల్ల వచ్చిన లాభం, లేదా ఏడాదికి 6 శాతం వడ్డీ. వాటా 60 లక్షలు, నాలుగేళ్లు గడిచాయనుకుందాం. వడ్డీ అయితే 14 లక్షల 40 వేలు. ఆ వాటా వల్ల వచ్చిన లాభం ఏడాదికి ఐదున్నర లక్షలుగా తేలితే 22 లక్షలు. ఏది కావాలో ఎంచుకునేది ఆవిడ. ఎంచుకోవాలంటే ముందు లాభం ఎంతో తెలియాలి.

ఆవిడ భాగస్వామి కాదు, ఫర్మ్ కోసం పనిచేసే ఆడిటరుకి ఆవిడ క్లయింటు కాదు అనిపిస్తుంది. కానీ భర్త పోయిన ఏడాది రిటర్ను వారసురాలిగా ఆవిడ చేత సంతకం పెట్టించి వేసింది ఎవరు? అదే ఆఫీసు. ఆ రోజు నుంచి ఆవిడ కూడా క్లయింటే. "మరిదిగారు నెలనెలా ఖర్చులకి పంపుతున్నారు కదమ్మా" అని సర్దిచెప్పడం సలహా కాదు. ఆయన చెప్పగలిగినది, చెప్పాల్సినది ఇంతే: "అమ్మా, ఈ విషయంలో నేను ఫర్మ్ పని చూస్తున్నాను, మీ తరఫున మాట్లాడలేను. మీకు రావాల్సిన వాటా లెక్క ఇంకా తేలలేదు. మీరు వేరే ఆడిటర్‌ని చూసుకోండి." మూడు వాక్యాలు. రెండో వాక్యం చెప్పినందుకు మరిదిగారికి కోపం వస్తుంది.

గుమాస్తా గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అన్యాయం చేసినట్టే. ఆడిటర్ గారు ఏడాదికోసారి సంతకం పెడతారు, గుమాస్తా రోజూ రాస్తాడు. "తమ్ముడి పేరున డ్రాయింగ్స్ పాత తేదీల్లో రాసెయ్యి" అని చెప్పేది అతనికే. మోసం చేయాలని కావాలనే పద్దులు మార్చినా, చింపినా, తప్పు రాసినా గుమాస్తాకి ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. శిక్షాస్మృతిలో 477ఏ సెక్షనుగా ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో ఉంది. పైవాళ్లు చెప్పారన్నది అక్కడ జవాబు కాదు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేరు ప్రతి మార్పునీ తేదీతో సహా గుర్తుపెట్టుకోవాలి, ఆ నమోదు ఆపకూడదు. ఫర్మ్‌లకి ఆ నిబంధన లేదు. అన్నయ్యలకి ఫర్మ్‌లంటే మక్కువ ఉండటానికి అది ఒక్కటే కారణం అని నేననను.

చూపించిన బ్యాలెన్స్ షీటు అసలుదేనా అని అనుమానం వస్తే, తమ్ముడు దాని మీద ఉన్న యూడీఐఎన్ అంకె చూడాలి. 2019 నుంచి చార్టర్డ్ అకౌంటెంటు సంతకం పెట్టే సర్టిఫికెట్లకీ, ఆడిట్ రిపోర్టులకీ అది తప్పనిసరి. ఇన్‌స్టిట్యూట్ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. బ్యాంకుకి ఇచ్చినదీ, తమ్ముడికి ఇచ్చినదీ ఒకటి కాదని ఈ అంకె దగ్గర బయటపడే అవకాశం ఉంది.

ఇక కచ్చా చిట్టా. మిల్లుల్లో, మిర్చి కొట్లలో, నగల షాపుల్లో పక్కా పుస్తకాల పక్కన ఇంకో పుస్తకం ఉంటుందని అందరికీ తెలుసు, ఆడిటర్ గారికి తప్ప. పంపకాల దగ్గర అసలు పోట్లాట ఆ రెండో పుస్తకం మీదే. "మీకన్నీ తెలుసు కదా, మీరే తేల్చండి" అని అన్నదమ్ములు ఆయన ముందు కూర్చుంటారు. తేల్చడానికి ఒప్పుకున్న క్షణాన, ఇన్నేళ్లు సంతకం పెట్టిన ప్రతి బ్యాలెన్స్ షీటూ తెలిసే పెట్టినట్టు ఆయనే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే ఈ ఒక్క విషయంలో నీతి, భయం ఒకే సలహా ఇస్తాయి: లేచి వెళ్లిపోవడం.

పెద్దల్లో పెట్టడం మన అలవాటు కాబట్టి, లెక్కలు తెలిసిన పెద్దమనిషిగా ఆడిటర్ గారినే మధ్యవర్తిగా కూర్చోబెడతారు. రాజీ కుదిర్చే మాటలకి అభ్యంతరం లేదు. చట్టబద్ధమైన ఆర్బిట్రేటరుగా అయితే, ఒక పక్షానికి సలహాదారుగా ఉన్నవాడు పనికిరాడని 2015 సవరణతో ఆర్బిట్రేషన్ చట్టంలో చేరిన ఏడో షెడ్యూలు చెబుతుంది. తగాదా పుట్టాక, అన్నీ తెలిసి, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఆ అడ్డు తొలగుతుంది. పెద్దాయన హయాంలో డీడ్‌లో రాసుకున్న "మన ఆడిటర్ గారి మాటే ఫైనల్" అన్న వాక్యం దానికి చాలదు. "నాకు ఎంత ఎక్కువ తేలిస్తే అందులో ఇంత శాతం మీకు" అన్న బేరం కూడా అక్కడక్కడ వినిపిస్తుంది. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడం అసలు వృత్తిలోనే నిషిద్ధం, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప.

నమ్మకం ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే కోల్‌కతా వైపు చూడాలి. ఎం.పి.బిర్లా 1990లో పోయాక ఆయన భార్య ప్రియంవద బిర్లా ఆ గ్రూపుని నడిపారు. 2004 జులైలో ఆవిడ పోయారు. 1999 నాటి వీలునామా ఒకటి బయటికొచ్చింది. పత్రికలు 5 వేల కోట్లుగా అంచనా కట్టిన ఆ సామ్రాజ్యం ఆర్.ఎస్.లోధాకి చెందాలని అందులో ఉంది. లోధా చార్టర్డ్ అకౌంటెంటు. భార్యాభర్తలిద్దరూ 1982లోనే ఆస్తి దానధర్మాలకి చెందేలా వీలునామాలు రాశారని బిర్లాలు వాదించారు. లోధా 2008లో పోయారు. తర్వాత ఆయన కుటుంబం ఆ కేసు నడిపింది. రెండు దశాబ్దాలు దాటినా వ్యాజ్యాలు నడుస్తూనే వచ్చాయి. ఆ వీలునామా మంచి చెడ్డలు కోర్టులు చూసుకునే విషయం, నాకు అందులో అభిప్రాయం లేదు. సూత్రం మాత్రం 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది: వీలునామా రాయించడంలో ముందుండి, దాని వల్ల పెద్ద లాభం పొందేవాడు ఉంటే, అనుమానం తీర్చాల్సిన బరువు వీలునామా చూపించేవాడి మీదే ఉంటుంది. లెక్కలు చూసే మనిషికి వీలునామాలో చోటిచ్చే ముందు రాసేవారూ, ఒప్పుకునేవారూ తలో లాయరు దగ్గరికి వెళ్తే బాగుండేదని తర్వాతి తరాలకి అనిపిస్తుంది.

మిగిలింది తప్పుకోవడం. తగాదాలో నెగ్గినవాడు మొదట చేసే పని ఆడిటర్‌ని మార్చడం. కొత్తాయన పాతాయనకి ఉత్తరం రాయకుండా ఆ పని ఒప్పుకోకూడదు. పాతాయన తన అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఉన్న అవకాశం అదే. పేచీ లేని పాత ఆడిట్ ఫీజు బాకీ ఉన్నా కొత్తాయన ఒప్పుకోకూడదు. వృత్తిలో అందరికీ కంఠతా వచ్చిన నియమం ఇదొక్కటే. కంపెనీ ఆడిటరైతే రాజీనామా చేసిన ముప్ఫై రోజుల్లో కారణాలతో ఏడీటీ-3 ఫారం వేయాలి. అక్కడ "సొంత పనుల ఒత్తిడి" అని రాసేవాళ్లు ఎక్కువ. కారణం దాచడం మర్యాద అనుకుంటారు. తమ్ముడికి ఆ ఒక్క గడిలోని నిజమే పనికొచ్చేది.

పుస్తకాలు అప్పగించేటప్పుడు ఫర్మ్‌వి ఫర్మ్ చిరునామాకి పోవాలి, అన్నయ్య ఇంటికి కాదు. ఏమేమి ఇచ్చారో జాబితా, దాని నకలు భాగస్వాములందరికీ. ఫీజు బాకీ ఉందని మొత్తం పుస్తకాలు పట్టుకు కూర్చునే హక్కు, బ్యాంకులకి ఉన్నట్టు, కాంట్రాక్టు చట్టం 171వ సెక్షను అకౌంటెంటుకి ఇవ్వలేదు. చివరికి ఆ టోకెన్ల డబ్బా. ఎవరిది వాళ్లకే, ఎవరి చేతికి వాళ్లకే, రసీదు తీసుకుని ఇవ్వాలి. వదినగారి టోకెను అన్నయ్య తీసుకెళ్తానంటాడు, "మా ఇంట్లో అవన్నీ నేనే చూస్తాను" అని. ఆవిడనే రమ్మనాలి.